ఊరి అంగన్‌వాడీలో చదువు బాగుపడాలంటే సర్కారును ఏం అడగాలి?

మూసీ_ఒడ్డు
మా ఊళ్ళె పొద్దున ఏడున్నరకు ప్రైవేట్ స్కూల్ బస్సు వస్తది. ఎక్కేటోళ్ళల్ల సగం మంది మూడేండ్లు, నాలుగేండ్ల పిల్లలే. కండ్లు సుత తెర్వరు, తల్లులు ఎత్తుకొచ్చి సీట్ల కూసోబెడ్తరు, బస్సు కదలంగనే మళ్ళ నిద్ర. స్కూలు పక్క మండలంల ఉంది. ఊర్ల అంగన్‌వాడీ లేదా అంటే ఉంది, సర్కారు బడి కాంపౌండ్లనే ఉంది. పిల్లలు రిజిస్టర్ల ఉంటరు, గదిల ఉండరు. గుడ్డు టైంకు వస్తరు, తిని పోతరు.
యూత్ అందరం కలిసి ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇద్దామనుకుంటున్నం. బడిలనే ఎల్కేజీ, యూకేజీ పెట్టమని, ఇంగ్లిష్ మీడియం అని రాయమంటున్నడు సర్పంచ్. ఈ ముచ్చట తెల్సి అంగన్‌వాడీ టీచర్ వచ్చి, గట్ల రాస్తే నా సెంటర్ మూతపడ్తది తమ్మీ అని కొట్లాడింది. ఇప్పుడు ఏం రాయాల్నో సమజైతలేదు. తెల్సినోళ్ళు చెప్పుండ్రి. రాజకీయాలు మాత్రం వద్దు.

చిల్లర_శ్రీను
రాజకీయాలు వద్దంటూనే ఎమ్మెల్యే దగ్గరికి పోతున్నావా అన్నా, హహ

పాతకాపు_ఐసీడీఎస్
సూపర్‌వైజర్‌గా చేసి రిటైర్ అయినదాన్ని, కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికుంటే చదవండి.
ఐసీడీఎస్, అంటే ఈ అంగన్‌వాడీలని నడిపే కేంద్ర పథకం, మొదలైంది 1975 అక్టోబర్ 2న. సెంటర్ చేయాల్సిన పనులు ఆరు: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, జబ్బు చేస్తే ఆసుపత్రికి పంపడం, తల్లులకి నాలుగు మంచి మాటలు చెప్పడం, ఆఖర్న ప్రీస్కూల్. పైనుంచి లెక్క అడిగేది మాత్రం తిండి గురించే. విజిట్‌కి వెళ్ళినప్పుడు స్టాక్ రిజిస్టర్, గుడ్ల లెక్క, బరువుల చార్టు చూడకపోతే నాకు మెమో వచ్చేది. ఇవాళ పిల్లలకి ఏ కథ చెప్పావమ్మా అని అడిగినా అడక్కపోయినా ఎవరికీ పట్టేది కాదు.
ఇప్పుడు ఒక పొద్దుటి పూట సెంటర్లో ఏం జరుగుతుందో చూడండి. టీచర్ వస్తూనే ఎంట్రీలు వేసే పోషణ్ ట్రాకర్ యాప్ తెరుస్తుంది, సిగ్నల్ ఉండదు, ఫోన్ పట్టుకుని గుమ్మం బయట నిలబడుతుంది. ఈలోపు టీహెచ్ఆర్, అంటే ఇంటికిచ్చే పోషకాహార సరుకు కోసం ఒక గర్భిణి వస్తుంది. 2025 జూలై నుంచి ముఖం ఫొటో సరిపోలితేనే సరుకు ఇవ్వాలి కదా, సరిపోలదు, కొంగు తీసి వెలుతురులోకి రామ్మా అంటుంది, మళ్ళీ తీస్తుంది, తిరుగుతూనే ఉంటుంది ఆ చక్రం. ఆయా పొయ్యి దగ్గర పప్పు చూసుకుంటూ ఉంటుంది. లోపల మూడేళ్ళవాడి నుంచి ఐదున్నరేళ్ళదాని వరకూ అందరూ ఒకే గదిలో. వాళ్ళ దగ్గర ఎవరున్నారండీ? ఎవరూ లేరు. ఆ పిల్లలు అలా కూర్చోవడమే గొప్ప.
ప్రీస్కూల్ కిట్ అని చెక్క దిమ్మలు, పూసలు, బొమ్మల కార్డులు ఇస్తారు. నేను చూసిన చాలా సెంటర్లలో అది బీరువాలో తాళం వేసి ఉండేది. ఒక్క పూస పోయినా జీతంలోంచి రికవరీ పెడతారేమోనని ఆ అమ్మాయి భయం.

మూసీ_ఒడ్డు
@పాతకాపు_ఐసీడీఎస్ మేడం మీరు చెప్పింది అక్షరాలా మా సెంటరే. కిట్టుకు ప్లాస్టిక్ కవర్ గూడ ఇప్పలే.

హనుమకొండ_అమ్మ
అందరూ అమ్మలకు ఇంగ్లిష్ పిచ్చి అంటరు గని నేను బాబును సెంటర్ మాన్పించి ప్రైవేట్ల వేసింది ఇంగ్లిష్ కోసం కాదు. నేను షాపుల పనిచేస్త, ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. సెంటర్ పేరుకు నాలుగింటి దాకా, మా దగ్గర అన్నం తిన్నంక తీస్కపోండ్రి అంటరు. ఒంటిగంటకు ఎవరు తీస్కరావాలె? అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. ప్రైవేటోళ్ళు నాలుగున్నర దాకా ఉంచుకుంటరు, బస్సుల దించుతరు. అందుకే ఫీజు కడ్తున్న. మీ వినతిపత్రంల టైమింగ్ సంగతి లేకుంటే మాసొంటోళ్ళకు అది ఎందుకూ పనికిరాదు.

గోదారి_ఈదురుగాలి
హనుమకొండ_అమ్మ గారి మాటకి నా ఓటు. కేంద్రం పాల్నా అని స్కీమ్ పెట్టిందండి, అంగన్‌వాడీ కమ్ క్రెష్, అంటే పనికెళ్ళే తల్లుల పిల్లల్ని పగలు చూసుకునే సెంటర్లు, దేశం మొత్తానికి 17,000 అన్నారు. దేశంలో అంగన్‌వాడీలు దగ్గర దగ్గర 14 లక్షలు. నూటికి రెండు కూడా కాదు. పక్కన కర్ణాటక అయితే గ్రామ పంచాయతీల్లో కూసిన మనె అని ఉపాధి పనికెళ్ళే తల్లుల కోసం శిశు కేంద్రాలు తెరిచింది, అలాంటివి మనవాళ్ళనీ అడగాలండి.

కరస్పాండెంట్_గారు
చిన్న స్కూలు నడుపుతాను, తిట్టేముందు వినండి. ఎల్కేజీ పిల్లాడు నోట్‌బుక్ ఖాళీగా ఇంటికి తీసుకెళ్తే మర్నాడు తండ్రి గేటు దగ్గర ఉంటాడు, ఏం నేర్పుతున్నారు సార్ నెల నెలా ఫీజు తీసుకుంటున్నారుగా అని. ఆటల్లో నేర్పుతున్నాం అంటే పక్క స్కూల్లో వేస్తాడు. నాలుగు గీతల కాపీలో ఏబీసీడీ రాయించేది మా సరదా కోసం కాదు. అంగన్‌వాడీ బాగుంటే నా ఎల్కేజీ ఖాళీ అవుతుంది, నిజమే, కానీ సర్కారు చేతిలో బాగుపడుతుందని నాకైతే నమ్మకం లేదు.

బాలబడి_లక్ష్మి
@కరస్పాండెంట్_గారు మీ ఇబ్బంది అర్థమైంది, కానీ మూడున్నరేళ్ళ పిల్ల వేళ్ళు ఎప్పుడైనా పరీక్షగా చూశారా. పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటుంది, గీత గీయాలంటే భుజం మొత్తం కదులుతుంది. ఆ చేతితో రోజూ పేజీ నిండా రాయిస్తే వచ్చేది చదువు కాదు, ఏడుపు. ముందు మట్టి పిసకాలి, పూసలు గుచ్చాలి, కాగితం చింపాలి, అప్పుడు వేళ్ళకి పట్టు వస్తుంది. 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులమ్ కూడా ఇదే చెప్పింది, మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకి టెక్స్ట్ బుక్స్ అక్కర్లేదు అని.
ప్లేస్కూళ్ళ మీద 2017లోనే బాలల హక్కుల జాతీయ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. 20 మంది పిల్లలకి ఒక టీచర్ ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, రోజుకి మూడు నాలుగు గంటలే నడపాలి. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. అది కూడా అడగాల్సిన విషయమే కదా, సర్కారు సెంటర్ల గురించే అడగాలని ఎక్కడుంది?

కరస్పాండెంట్_గారు
మూడు నాలుగు గంటలే నడపాలంటే పైన హనుమకొండ అమ్మ గారు నన్ను కొడతారు మేడం.

హనుమకొండ_అమ్మ
కొడ్త.

లెక్కలసారు_77
ఇందాకటి నుంచి అందరూ భవనం, మీడియం, టైమింగ్ అంటున్నారు. పాతకాపు మేడం రాసిన దాంట్లో అసలు పాయింట్ ఎవరూ పట్టుకోలేదు, గదిలో పిల్లల దగ్గర మనిషి లేడు. దీని మీద తమిళనాడులో పక్కా ప్రయోగమే జరిగింది. కార్తీక్ మురళీధరన్, గనిమియన్, వాల్టర్స్ అనే ఎకనామిస్టులు 320 అంగన్‌వాడీ సెంటర్లు తీసుకుని లాటరీ వేసి అందులో సగం సెంటర్లకి ఒక అదనపు మనిషిని ఇచ్చారు. పూర్తి ఉద్యోగి కూడా కాదు, సగం పూట మనిషి, పని ప్రీస్కూల్ ఒక్కటే. ఆ సెంటర్లలో చదువు చెప్పే సమయం రెట్టింపు అయింది. 18 నెలల తర్వాత పరీక్షిస్తే లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు మిగతా సెంటర్ల వాళ్ళకంటే బాగా ముందున్నారు. అసలు విశేషం ఇంకోటి ఉంది, ఆ సెంటర్లలో పిల్లల ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. ఎందుకంటే పాత టీచర్‌కి చేతులు ఖాళీ అయ్యాయి, తిండి, బరువులు, ఇళ్ళకి వెళ్ళి చూడటం ఆమె సరిగా చేసింది.
కొత్త భవనం కట్టలేదు, ట్యాబులు ఇవ్వలేదు. ఒక్క మనిషి. తమ్ముడూ నువ్వు రాయాల్సిన మొదటి వాక్యం ఇదే.

అడ్డంగా_వాదిస్తా
మొదలెట్టారు సారు. ఇక హెక్‌మన్ అనే ఎకనామిస్టు, నోబెల్, చిన్నపిల్లల చదువు మీద రూపాయి పెడితే ఏడు రూపాయలు అని కూడా వస్తుంది చూడండి. అమెరికాలో టెనెసీ రాష్ట్రం సొంతంగా ప్రీ-కె, అంటే బడికి ముందు చదువు, పెట్టింది, అక్కడా లాటరీ పద్ధతిలోనే సుమారు 3,000 మంది పిల్లల్ని గమనించారు. 2022లో ఫలితాలు బయటికొచ్చాయి. ఆరో క్లాసుకి వచ్చేసరికి ప్రీ-కె కి వెళ్ళిన పిల్లలే వెళ్ళనివాళ్ళకంటే మార్కుల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ గొడవలు కూడా వాళ్ళవే ఎక్కువ. అంత డబ్బున్న రాష్ట్రంలోనే అలా ఏడిస్తే మన దగ్గర ఏం ఒరుగుతుంది? ఐదేళ్ళ దాకా ఇంట్లో ఆడుకోనివ్వండి పిల్లల్ని.

లెక్కలసారు_77
హెక్‌మన్ పేరు మీరే తీశారు కాబట్టి చెప్తా. 2000లో నోబెల్ వచ్చిన ఆయన ఎక్కువగా లెక్కలు కట్టింది మిషిగన్లోని పెర్రీ ప్రీస్కూల్ మీద, 1962లో మొదలైంది, మొత్తం 123 మంది పిల్లలు. అక్కడ ఐదారుగురు పిల్లలకి ఒక టీచర్, పైగా ప్రతి వారం ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఆ లాభం లెక్క తెచ్చి మన సెంటర్‌కి అంటించకూడదు, అంతవరకూ మీతో ఏకీభవిస్తా. కానీ టెనెసీ చెప్పింది ప్రీస్కూల్ దండగ అని కాదు. పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి వర్క్‌షీట్లు చేయిస్తే రాష్ట్రం పెట్టినా లాభం ఉండదని అనుమానించింది ఆ పరిశోధకులే. అంటే సర్పంచ్ గారు అడుగుతున్న ఎల్కేజీ సరిగ్గా అలాంటిది అయ్యే ప్రమాదం ఉంది. మీ ఉదాహరణ నా వైపే పనిచేస్తోంది.

అడ్డంగా_వాదిస్తా
ఏ ఉదాహరణ ఇచ్చినా మీ వైపే పనిచేస్తుంది లెండి. పెర్రీలో 123 మందే అంటారు, తమిళనాడు 18 నెలలే కదా, ఆ పిల్లలు పదో క్లాసుకి వచ్చాక మాట్లాడదాం.

లెక్కలసారు_77
అప్పటి దాకా పిల్లల్ని ఆపి ఉంచలేం కదా సార్.

కృష్ణలంక_కుర్రోడు
మా ఆంధ్రా వైపు ఈ సినిమా ఎప్పుడో ఆడేసింది బ్రో. 2021 టైంలో అంగన్‌వాడీలకి వైఎస్సార్ ప్రీ ప్రైమరీ అని బోర్డు మార్చారు, పీపీ1, పీపీ2, ఫౌండేషన్ స్కూల్ అని కొత్త పేర్లు. దాంతో పాటు జీవో 117 తో మూడు నాలుగు ఐదు క్లాసులు హైస్కూల్‌కి పంపారు, కొన్ని ఊళ్ళలో బడిలో ఒకటి రెండు క్లాసులే మిగిలాయి. ప్రభుత్వం మారింది, జీవో 117 పోయింది, బోర్డులు మళ్ళీ రంగు మారాయి. ఇంతలో ఆ మూడేళ్ళ పిల్లలు బడి ఈడుకొచ్చేశారు. పాలసీ అంటే పెయింటింగ్ కాంట్రాక్ట్ అనుకుంటారు మనోళ్ళు. నువ్వు ఏం రాసినా బోర్డు మార్చమని మాత్రం రాయకు.

చిల్లర_శ్రీను
పెయింటర్ల సంఘం తరఫున ఖండిస్తున్నా

అంగన్‌వాడీ_టీచరమ్మ
ఇది చదివి ఊరుకోలేక అకౌంట్ తెరిచిన. మూసీ ఒడ్డు తమ్ముడూ, మీ ఊరి టీచర్ కొట్లాడిందంటే ఆమెకు చదువు ఇష్టం లేక కాదు. 2025ల మన తెలంగాణల కొన్ని సర్కారు బడుల్ల ప్రీ ప్రైమరీ పెట్టిన్రు, నాలుగేండ్ల పిల్లలు అటు పోతే మా సెంటర్ల సంఖ్య పడిపోతది, సంఖ్య తగ్గితే పక్క సెంటర్ల కలుపుతరని భయం. కర్ణాటకల గూడ 2024ల గిదే గొడవ అయింది, టీచర్లు రోడ్డెక్కినంక అంగన్‌వాడీలల్లనే ఎల్కేజీ పెడ్తమని సర్కారు ఒప్పుకుంది.
జీతం గురించి గూడ రాయుండ్రి, జీతం గాదు గౌరవ వేతనం అంటరు. తెలంగాణల 13,650, ఆంధ్రల 11,500. దాంట్ల కేంద్రం లెక్కల మాకు 4,500, అది 2018 అక్టోబర్ల పెంచిందే, మళ్ళ ముట్టలే. ఆంధ్రల 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేసిన్రు, సమ్మెలు ఆపే ఎస్మా చట్టం పెట్టిన్రు వాళ్ళ మీద. గ్రాట్యుటీకి మేం అర్హులమని 2022ల సుప్రీంకోర్టు చెప్పింది.
పని అంటరా, ఓటర్ లిస్టుల బీఎల్‌ఓ డ్యూటీ మాదే, సర్వే వస్తే మాదే. పిల్లలకు పాట చెప్తుంటే ఫోన్ మోగుతది, ఫలానా రిపోర్టు పన్నెండింటి లోపల పంపు అని. పాట ఆడ్నే ఆగుతది. పిల్లలు మాత్రం ఆపరు, నేను ఫోన్ల ఉంటే చిట్టి చిలకమ్మ ఎన్కకెళ్ళి పాడుకుంటనే ఉంటరు.
అదనపు మనిషిని ఇస్తమంటే కాళ్ళు మొక్కుత. గని ఆ మనిషి సగం పూట, సగం జీతం, రేపు ఆమె గూడ నా లెక్క రోడ్డు మీద కూసోవాలె, అది గూడ ఆలోచించుండ్రి లెక్కల సారు.

లెక్కలసారు_77
@అంగన్‌వాడీ_టీచరమ్మ ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు అమ్మా. తక్కువ జీతం కాబట్టే ఆ ప్రయోగంలో ఖర్చు తక్కువ తేలింది, అది నిజం.

కెస్లాపూర్_బాట
మా దిక్కు ఇంకో సమస్య ఉంది. ఇంట్ల గోండి, సెంటర్ల తెలుగు, బడిల ఇంగ్లిష్. మా అక్క బిడ్డ ఇంట్ల నోరు మూయదు, కోడిపిల్లల తోటి కూడా మాట్లాడతది. సెంటర్ల మాత్రం ఏడాది మొత్తం మాట్లాడలేదు, టీచర్ ఈ పిల్లకు మాటలు రావేమో డాక్టర్‌కు చూపియ్యుండ్రి అన్నది. తర్వాత ఆయా మారింది, కొత్త ఆయా గోండామె. వారం దిరగకముందే పిల్ల కథలు చెప్పుడు మొదలువెట్టింది. 2020 విద్యా విధానంల ఇంటి భాషల చెప్పాలె అని రాసిన్రు, రాసుడే. మీరు అదనపు మనిషిని అడిగితే ఆ ఊరి భాష వచ్చిన మనిషి అని ఒక్క మాట కలపుండ్రి, మాకు కూడా పనికొస్తది.

బాలబడి_లక్ష్మి
@కెస్లాపూర్_బాట ఈ థ్రెడ్‌లో నాకు బాగా నచ్చిన పోస్ట్ ఇది. సెంటర్‌కి మొదటి వారం అమ్మమ్మలని తోడు కూర్చోమన్నా చాలా మార్పు ఉంటుంది, దానికి జీవో కూడా అక్కర్లేదు.

వకీలు_సాబ్_కాదు
కోర్టుకి వెళ్తే పోలా అని ఎవరో ఒకరు అంటారని ముందే రాస్తున్నా. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకే. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళ గురించి సెక్షన్ 11 ఉంది కానీ అది ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అన్నట్టు ఉంటుంది, చేసి తీరాలి అని లేదు. 2002లో 86వ సవరణతో ఆరేళ్ళ లోపు పిల్లల్ని ఆర్టికల్ 45 లోకి, అంటే ఆదేశిక సూత్రాల్లోకి పంపారు. ఆదేశిక సూత్రం పట్టుకుని కోర్టులో నా పిల్లకి ప్రీస్కూల్ ఇప్పించండి అని గెలవలేం. అందుకే ఇది అడిగి, ఒత్తిడి పెట్టి సాధించుకోవాల్సిందే. రాష్ట్రం కావాలంటే తన రూల్స్ లో హామీ రాసుకోవచ్చు, ఎవరూ ఆపరు.
ఎవరిని అడగాలి అనేది ఇంకో తలనొప్పి. సెంటర్ మహిళా శిశు సంక్షేమ శాఖది, బడి పాఠశాల విద్యాశాఖది. ఒకే కాంపౌండ్, ఇద్దరు కమిషనర్లు. ఒకరిని అడిగితే ఇంకొకరిని చూపిస్తారు. ఎమ్మెల్యేకి ఇచ్చే కాగితంలో ఇద్దరికీ కాపీ అని రాయి. ఎమ్మెల్యే సొంతంగా పోస్టు ఇవ్వలేడు, కానీ అసెంబ్లీలో ప్రశ్న వేయగలడు, రాష్ట్రంలోని 35,700 సెంటర్లలో ఎన్నింటికి సొంత భవనం ఉంది, ఎన్ని టీచర్ పోస్టులు, ఎన్ని ఆయా పోస్టులు ఖాళీ అని. ఆ జవాబు రికార్డులో పడుతుంది. ఆ అంకె చేతిలో ఉంటే బడ్జెట్ ముందు మాట్లాడొచ్చు.

అడ్డంగా_వాదిస్తా
డబ్బు ఎక్కడిది? కేంద్రం 60, రాష్ట్రం 40 అంటారు, అంగన్‌వాడీల ఖర్చు వచ్చే పోషణ్ 2.0 స్కీమ్‌కి కేంద్రం 2025-26 బడ్జెట్లో 21,960 కోట్లు ఇచ్చారు, దాని ముందు ఏడాది 21,200. ధరలు పెరిగినంత కూడా పెరగలేదు. అదనపు మనిషి అంటే రాష్ట్రం మొత్తం సొంతంగా భరించాలి.

వకీలు_సాబ్_కాదు
@అడ్డంగా_వాదిస్తా మొదటిసారి పనికొచ్చే ప్రశ్న అడిగావు. అన్ని సెంటర్లకీ ఒకేసారి అడిగితే ఫైలు అక్కడే పడుకుంటుంది. పిల్లలు ఎక్కువగా ఉన్న సెంటర్లు, ఏజెన్సీ సెంటర్లు ముందు అని అడగాలి.

పాతకాపు_ఐసీడీఎస్
దానికి ఒక ప్రమాదం ఉందండి. పిల్లలు ఎక్కువ ఉన్న చోటే ఇస్తామంటే రిజిస్టర్‌లో పిల్లలు పెరిగిపోతారు. ఆ విద్య మాకు బాగా వచ్చు.

చిల్లర_శ్రీను
రిజిస్టర్‌లో పిల్లలకి ప్రీస్కూల్ బాగానే జరుగుతుంది అంటారు, అల్లరి ఉండదు

మూసీ_ఒడ్డు
అందరి మాటలు చదివి రాత్రి యూత్ గ్రూపుల పెట్టిన. సర్పంచ్ తోటి గూడ మాట్లాడిన. ఇట్ల రాద్దామనుకుంటున్నం, చూసి చెప్పుండ్రి:
మా గ్రామ అంగన్‌వాడీ కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు చదువు, ఆటపాటలు చెప్పడానికే ఒక మనిషిని ఇవ్వాలి, ఆ మనిషికి సర్వేలు, యాప్ ఎంట్రీ, బీఎల్‌ఓ పనులు చెప్పొద్దు, జీతం ఇప్పుడున్న టీచర్ కంటే తక్కువ ఉండొద్దు, ఊరి పిల్లల భాష వచ్చినోళ్ళను తీసుకోవాలి. సెంటర్ సాయంత్రం నాలుగున్నర దాకా నడవాలి. ప్రీస్కూల్ కిట్టు సామాను విరిగినా పోయినా టీచర్ మీద రికవరీ పెట్టొద్దని ఆర్డర్ ఇవ్వాలి. బడిలో ప్రీ ప్రైమరీ పెట్టేదుంటే సెంటర్‌ను మూయకుండా, రెండింటినీ ఒకే కాంపౌండ్ల కలిపి నడపాలి.
ఇంగ్లిష్ మీడియం లేకుంటే ఊర్ల సంతకాలు పెట్టరు అంటున్నడు సర్పంచ్. ఇంగ్లిష్ పాటలు, మాటలు గూడ నేర్పాలి అని ఒక్క లైన్ పెట్టుమన్నడు, పెట్టిన.

హనుమకొండ_అమ్మ
ఐదున్నర.

మూసీ_ఒడ్డు
అక్కా ఐదున్నర అంటే మా టీచరే సంతకం పెట్టదు.

అంగన్‌వాడీ_టీచరమ్మ
పెట్టదు. పొద్దున తొమ్మిదింటికి వచ్చినామె ఐదున్నర దాకా ఎట్ల ఉంటది. ఇద్దరు మనుషులుంటే వంతులు వేసుకోవచ్చు, ఒక్కదాని మీద వేస్తే ఊకోం.

హనుమకొండ_అమ్మ
సరే వంతులని రాయుండ్రి. గని ఐదున్నర ఉండాలె.

బాలబడి_లక్ష్మి
ఇంగ్లిష్ లైన్ ఉండనివ్వు తమ్ముడూ, పాటలు అన్నావు కాబట్టి గొడవ లేదు. రాయడం, హోంవర్క్, పరీక్షలు వద్దు అని కూడా ఒక ముక్క చేర్చు, లేకపోతే ఆ కొత్త మనిషి మొదటి రోజే పలకలు పంచుతుంది.

కరస్పాండెంట్_గారు
అంత మంచి సెంటర్ నిజంగా వస్తే నా స్కూలు ఎల్కేజీ మూసేసి ఒకటో క్లాసు నుంచి పెట్టుకుంటా. మా ఎల్కేజీ మీద మిగిలేది కూడా పెద్దగా ఏం లేదు, బస్సు డీజిల్‌కే పోతుంది.

వకీలు_సాబ్_కాదు
ఎమ్మెల్యేకి ఇచ్చే రోజే కలెక్టరేట్లో సోమవారం ప్రజావాణిలో కూడా ఒక కాపీ వేయి, అక్కడ రసీదు నంబర్ ఇస్తారు. గ్రామసభలో తీర్మానం చేయించి దాన్ని జత చెయ్యి, యూత్ సంతకాల కంటే దానికి బరువు ఎక్కువ. ఎమ్మెల్యే ఆఫీసులో మాత్రం నీ కాపీ మీద తేదీ వేసి రిసీవ్డ్ ముద్ర కొట్టించుకోకుండా బయటికి రాకు.

చిల్లర_శ్రీను
ముద్ర ఉంది, ఇంకు లేదు అంటారు. స్టాంప్ ప్యాడ్ కూడా పట్టుకుపో అన్నా